ఇరవై అంగుళాలు

మా పక్కింటి సుబేదార్ సాబ్ దగ్గర వాళ్ల నాయన నుంచి వచ్చిన పన్నెండు బోరు తుపాకి ఉంది. ఒంటి గొట్టం. బొల్లారం కంటోన్మెంట్ పక్కనే కాబట్టి మా అల్వాల్‌లో మిలిటరీ నుంచి దిగినవాళ్లకు కొదవ లేదు. కొందరు తుపాకి పట్టుకుని బ్యాంకుల ముందు కూర్చుంటారు. ఈయనకు ఆ అవసరం లేదు. పెన్షన్ ఉంది, డల్లాస్‌లో కొడుకున్నాడు.

మొన్న లైసెన్సు రెన్యువల్ దగ్గరపడితే నన్ను పిలిచాడు. "బేటా, జర టేపు పట్టు."

తుపాకి విరిచి, తూటా లేదని నాకు చూపించి, మళ్లీ తనే వేలు పెట్టి తడుముకున్నాడు. మూసేసి, తుడిచే కడ్డీని అడుగు తగిలేదాకా గొట్టంలోకి దించాడు. మూతి దగ్గర కడ్డీ మీద బొటనగోరు నొక్కిపట్టి బయటికి లాగాడు. టేపు పరిస్తే 28 అంగుళాలు.

"ఇరవై ఉంటే చాలు కదా అంకుల్, ఎందుకింత కొలత?"

ఆయన బాధ వేరే. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ ప్రకారం, గొట్టం 20 అంగుళాలకు తగ్గని నున్నటి గొట్టం తుపాకిని రక్షణ కోసమో ఆట కోసమో అడిగితే, కాదనడానికి కారణం లేకపోతే లైసెన్సు ఇవ్వాలి. అక్కడిదాకా బాగానే ఉంది. ఈ తుపాకికి మూతి దగ్గర చిన్న సొట్ట పడింది. మరమ్మతు చేసేవాడు చూసి, "రెండంగుళాలు కోసేస్తే కొత్తదైతది సాబ్, ఇంకా ఇరవై ఆరు మిగుల్తది" అన్నాడట.

"ఎంత మిగిలిందని కాదు బేటా, కోసినవా లేదా అని అడుగుతది చట్టం. ఆరో సెక్షన్. గొట్టం పొట్టి చేయాలంటే దానికో లైసెన్సు. లేకుండ కోస్తే, 2019లో మార్చినంక, ఏడేండ్ల నుంచి యావజ్జీవం దాకా. రెండంగుళాలకు ఏడేండ్లు. అంగుళానికి మూడున్నర!"

అమెరికాలో 1934 నుంచి ఇలాంటి తుపాకికి హద్దు 18 అంగుళాలేనని కొడుకు ఫోన్లో చెప్పాడట. "వాళ్లకు పద్దెనిమిదైతే వాళ్లకు. మనకు ఇరవై అంటే ఇరవై. పంతొమ్మిదీ ముప్పావు నడ్వది."

మనిషి అంత ఖచ్చితం. 2023 నవంబరులో అసెంబ్లీ ఎన్నికలకు, 2024 మేలో పార్లమెంటు ఎన్నికలకు తుపాకి పోలీస్ స్టేషన్లో అప్పజెప్పిన రసీదులు లామినేషన్ చేయించి దాచుకున్నాడు. మా ఇంట్లో పెళ్లి ఫోటోకి కూడా ఆ భాగ్యం దక్కలేదు.

ఫారం నింపే పని నాకే పడింది. తుపాకి ఎందుకు అనే గడి వచ్చింది.

"ఆత్మరక్షణ అని రాయి. ఈ ఏరియాలో కబ్జాలు ఎక్కువైనయని గూడ రాయి."

పెన్ను ఆగింది. కిటికీలోంచి ఆయన తులసికోట కనిపిస్తోంది, దాని పక్కన పాత హద్దురాయి. పోయిన వేసవిలో మేం ఊరికి వెళ్లొచ్చేసరికి ఆయన కొత్త కాంపౌండ్ గోడ లేచింది. అప్పటిదాకా ఆ రాయి మా జామచెట్టు కింద ఉండేది.

టేపు ఇంకా నా చేతిలోనే ఉంది. బయటికి వెళ్లి రాయి నుంచి గోడ దాకా పరిచాను. రెండుసార్లు చూశాను. లోపలికి వచ్చాను.

"అంకుల్, మీ గోడ మా జాగలోకి ఇరవై అంగుళాలు వచ్చింది."

సుబేదార్ సాబ్ తల ఎత్తలేదు. నూనెగుడ్డతో మూతి దగ్గర సొట్టను మెల్లగా తుడుస్తున్నాడు.

"గోడకు లైసెన్సు ఉండది బేటా. నువ్వు రాయి."

రాశాను. 28 అంగుళాలు ఆయన ఒళ్లోనే ఉన్నాయి.