తప్పంతా పిల్లదే

ముందుగా ప్రభుత్వాన్ని మెచ్చుకోవాలి. ఏ ప్రభుత్వాన్ని అని అడక్కండి. అమరావతిలో జెండా రంగు మారినా కొండమీది ఒకటో తరగతి మీద వాళ్లకున్న ప్రేమ మాత్రం మారలేదు. డుంబ్రిగుడ, హుకుంపేట, పెదబయలు, ముంచింగిపుట్టు మండలాల్లో, బస్సు ఆగిపోయిన చోటు నుంచి ఇంకా నడిచి వెళ్లాల్సిన ఊళ్లకు సైతం బడిసంచి చేరింది. సంచితోపాటు బూట్లు, బెల్టు, బట్టలు, నోటు పుస్తకాలు. 2020లో ఆ సంచి పేరు విద్యా కానుక. ఇప్పుడు దాని పేరు విద్యార్థి మిత్ర. నాడు-నేడు అంటూ గోడలకు రంగులు పడ్డాయి, ఆ గోడలకు స్మార్ట్ టీవీలు తగిలించారు. బొమ్మల డిక్షనరీ కూడా పంచారు. ఇన్ని ఇచ్చాక కూడా మూడో తరగతికొచ్చిన పిల్ల నాలుగు వాక్యాలు చదివి, చదివిందేమిటో చెప్పలేకపోతే తప్పు ఎవరిది?

పిల్లదే. అందులో సందేహమేముంది?

ఆ పిల్ల చేసిన మొదటి నేరం పుట్టుకతోనే జరిగిపోయింది. కువి మాట్లాడే కోదుల ఇంట్లో పుట్టింది. కాస్త ముందుచూపు ఉండి ఉంటే విశాఖలో ఎంవీపీ కాలనీలోనో, విజయవాడలో బెంజి సర్కిల్ పక్కనో పుట్టేది. పోనీ పుట్టింది, ఊరుకుందా? ఐదేళ్లు వచ్చేసరికి ఇంట్లో కువి, సంతలో ఆదివాసీ ఒడియా, జీపు డ్రైవరుతో అరకొర తెలుగు, ఇలా మూడు భాషల్లో వ్యవహారం నడపడం నేర్చేసింది. ఇదంతా అనుమతి లేకుండా, ఏ సిలబస్‌లోనూ లేకుండా చేసిన పని. అలాంటి పిల్లని తనిఖీకొచ్చిన అధికారి ఎంతో ఆప్యాయంగా, ‘నీ పేరేంటమ్మా? ఇదిగో, ఈ బొమ్మ ఏంటి?’ అని అడుగుతాడు. బొమ్మలో ఆపిల్ ఉంటుంది. అడవిలో ఏ చెట్టు ఏ నెలలో కాస్తుందో, ఏది తినాలో, ఏది తినకూడదో తెలిసిన పిల్ల ఆ ఎర్రటి వస్తువుని చూసి, అధికారి మొహం చూసి, నేల చూపులు చూస్తుంది. ‘ఇది మాటాడదండి’ అంటాడు మాస్టారు. రిజిస్టర్లో ‘వెనకబడినది’ అని పడుతుంది. ఆ గదిలో పిల్లకి వచ్చిన భాషల్లో సగమైనా రానివాళ్లు ఇద్దరున్నారు. వాళ్ల గురించి రాయడానికి రిజిస్టర్లో గడి లేదు.

ఇంకా పాఠ్యపుస్తకాల ఔదార్యం చూడాలి. కొన్నేళ్లుగా మన పుస్తకాలు జోడు పేజీలతో వస్తున్నాయి. ఒక పేజీలో తెలుగు ఉంటే దాని ఎదురు పేజీలో అదే పాఠం ఇంగ్లిష్‌లో ఉంటుంది. తెలుగు రాకపోతే ఇంగ్లిష్ చూసుకోమని, ఇంగ్లిష్ రాకపోతే తెలుగు చూసుకోమని. ఏ పేజీ తిప్పినా ఆ పిల్ల రానిదాన్నుంచి రానిదానికే వెళుతుంది. ఇంత పక్షపాతం లేని పుస్తకం ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు.

2023లో మరో మెట్టెక్కాం. అమెరికాలో ప్రిన్స్‌టన్ దగ్గరున్న ఈటీఎస్ అనే సంస్థతో ఒప్పందం చేసుకుని, మూడో తరగతి నుంచే టోఫెల్ అన్నారు. అవును, అమెరికా యూనివర్సిటీలకు వెళ్లేవాళ్లు రాసే పరీక్ష పేరుతోనే, పిల్లల కోసం తయారుచేసిన చిన్న టోఫెల్. 2024 మొదట్లో ఇంటర్నేషనల్ బకలారియెట్ వాళ్లతోనూ సంతకాలయ్యాయి. వీసా వచ్చేస్తే ఇబ్బంది లేకుండా కొండల్లోని ఎనిమిదేళ్ల పిల్లని ముందే సిద్ధం చేశారన్నమాట. అదే ఏడాది ప్రభుత్వం మారింది, ఆ ముచ్చటా ముగిసింది. పాపం, పిల్లకి తను అమెరికా ఎప్పుడు బయల్దేరిందో తెలియదు, ఎప్పుడు వెనక్కి వచ్చేసిందో కూడా తెలియదు.

అంతకు ముందే, 2022లో, బళ్లకు కొత్త పేర్లు పెట్టారు. ఊళ్లోని అంగన్‌వాడీకి ‘శాటిలైట్ ఫౌండేషన్ స్కూల్’ అని బిరుదు. ఫోన్‌లో ఒక్క గీత సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాల్సిన చోట ఊరికో శాటిలైట్! ఆ గుట్ట మీదే అంగన్‌వాడీ టీచరు పోషణ్ ట్రాకర్‌లో పిల్లల బరువులు ఎక్కిస్తుంది. పక్కన బడి మాస్టారు తన మొహాన్ని యాప్‌కి చూపిస్తుంటాడు, హాజరు పడాలిగా. అంతకుముందు కొన్నాళ్లు మరుగుదొడ్ల ఫొటోలు కూడా ఆయనే తీసి పంపాడు. ఇద్దరూ కిందికి దిగేసరికి అన్నం వేళ అవుతుంది. అక్షరాలా? అవెక్కడికి పోతాయి, రేపు నేర్పుకోవచ్చు.

అంగన్‌వాడీ సంగతి వచ్చింది కాబట్టి ఒక రహస్యం చెప్పాలి. కొండ ఊళ్లలో ఆ టీచరు, ఆ ఆయా చాలాచోట్ల ఆ ఊరి ఆడవాళ్లే. పిల్లతో పిల్ల భాషలో మాట్లాడేవాళ్లు, కథ చెప్పేవాళ్లు, పాట పాడించేవాళ్లు. చదువు మొదలవ్వాల్సింది అక్కడే. చెవికి తెలిసిన మాట ముందు, ఆ మాటకు గుర్తుగా అక్షరం తర్వాత. 1975 అక్టోబరు 2న అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం మొదలైనప్పుడు పూర్వ ప్రాథమిక విద్య కూడా అందులో భాగమేనని కాగితం మీద ఉంది. ఆ భాగాన్ని మోసే మనిషికి నెలకు 11,500 రూపాయలు ఇచ్చి, గుడ్లు, పాలు, బరువులు, సర్వేలు అన్నీ ఆమె నెత్తినే పెట్టారు. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు వాళ్లు సమ్మె చేస్తే అత్యవసర సేవల చట్టం ఎస్మాని ప్రయోగించారు. అంటే అది అత్యవసర సేవ అని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. జీతం దగ్గరకొచ్చేసరికి మాత్రం అత్యవసరం కాదు.

ఇక మన ఘనకార్యాల్లో నాకు అన్నిటికంటే నచ్చింది 2004 నాటిది. ఎగతాళి కాదు, నిజంగానే నచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా భాషల్లో, 240 బళ్లలో మాతృభాషలో చదువు మొదలుపెట్టారు. వాచకాలు ఆ భాషల్లోనే, లిపి మాత్రం తెలుగు. ఇందులో ఉన్న తెలివి చూడండి. పిల్ల తన ఇంటి మాటనే తెలుగు అక్షరాల్లో చదువుతుంది. ‘ఇ’ అన్న అక్షరం చూడగానే తనకు తెలిసిన వస్తువొకటి గుర్తొస్తుంది. అక్షరం వచ్చాక, గుణింతం పట్టుబడ్డాక, మెల్లగా తెలుగు మాటలు వస్తాయి. అప్పటికి అక్షరాల భయం ఉండదు, కొత్త మాటలు నేర్చుకోవడమే మిగులుతుంది. రెండు బరువులు ఒకేసారి నెత్తిన పెట్టకుండా ఒకదాని తర్వాత ఒకటి ఎత్తడం. అటు సరిహద్దు దాటితే కొరాపుట్. ఒడిశావాళ్లు మన తర్వాత, 2006-07లో, పది గిరిజన భాషలతో ఈ పని మొదలుపెట్టారు. మనం మొదలుపెట్టిన పని కదా, కొనసాగిస్తే మన పరువేం కావాలి? అందుకని దాన్ని ఆపుతూ, తీస్తూ, మళ్లీ ఆపుతూ జాగ్రత్తగా నడిపాం.

ఆ పని చేసే మనిషి పేరు మాతృభాషా విద్యా వాలంటీరు. ఆ ఊరివాళ్లే, ఆ భాష వాళ్లే. నెలకు ఐదు వేల రూపాయల గౌరవ వేతనం. అందులో గౌరవం ఎంతో, వేతనం ఎంతో విడదీసి చెప్పమని అడగకండి. విద్యా సంవత్సరం ముగియగానే ఉద్యోగం ముగుస్తుంది. మళ్లీ బళ్లు తెరిచినప్పుడు పిల్లలు బడికి వెళతారు, వాలంటీర్లు రెన్యూవల్ కోసం పాడేరులో గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ గేటు దగ్గరికి వెళతారు. పిల్లకి, మాస్టారికి మధ్య మాట దాటించాల్సిన ఏకైక మనిషి అప్పుడు ప్లకార్డు పట్టుకుని నిలబడి ఉంటాడు. స్మార్ట్ టీవీకి ఈ బాధ లేదు. ఒకసారి గోడకు తగిలిస్తే దాన్ని ఏ ఏటికాయేడు రెన్యూవల్ చెయ్యక్కర్లేదు, కరెంటు ఉన్నా లేకపోయినా అది అలాగే ఉంటుంది.

‘మరి టీచర్లే గిరిజనులు ఉండేవారుగా?’ అంటారు. ఉండేవారు. 2000 జనవరి 10న వచ్చిన జీవో 3 ప్రకారం ఏజెన్సీ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని కొట్టేసింది. అప్పట్నుంచి ఆ జీవో కోసం ధర్నాలు, దానికి బదులు ఏం తేవాలన్న కమిటీలు, హామీలు. నేను అడిగేది ఇంకొకటి. ఆ జీవో బతికున్నప్పుడు కూడా కులధ్రువపత్రం చూశారు గాని, పిల్లతో మాట్లాడగలవా అని ఎవరూ అడగలేదు. తెలుగే ఇంటి భాష అయిన బగత మాస్టారిని కువి ఊరికి వేశారు, కొండదొర టీచరమ్మని ఆదివాసీ ఒడియా మాట్లాడే ఊరికి వేశారు. గిరిజనుల్లో ఇన్ని భాషలుంటాయని సచివాలయంలో ఎవరికి తెలుస్తుంది? వాళ్లకి గిరిజనులంటే రిపబ్లిక్ దినోత్సవ శకటం మీద థింసా ఆడేవాళ్లు.

చట్టం సంగతంటారా, దిగుల్లేదు. రాజ్యాంగంలో 350-ఎ అధికరణం 1956 నుంచీ ఉంది: ప్రాథమిక దశలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధన ఏర్పాటు చెయ్యాలని. 2009 విద్యాహక్కు చట్టం కూడా అదే చెప్పింది, కాకపోతే ‘వీలైనంత వరకు’ అని ఒక సందు వదిలింది. ఆ సందులోంచి ఎన్ని ప్రభుత్వాలు దూరి వెళ్లాయో! ఇక 2021 జూలైలో నిపుణ్ భారత్ అనే కేంద్ర పథకం వచ్చింది. 2026-27 నాటికి మూడో తరగతి పిల్ల నిమిషానికి 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలట. ‘అర్థం చేసుకుంటూ’ అన్నది కొంచెం ఎక్కువైంది గాని, 60 పదాలు మాత్రం కష్టం కాదు. పెళ్లిలో మంత్రాలు చెబుతుంటే పెళ్లికొడుకు అంటున్నట్టుగా, మాస్టారు ముందు అంటే పిల్ల వెనక అంటుంది. స్టాప్‌వాచ్ పట్టుకున్నవాడికి లెక్క సరిపోతుంది.

‘అమ్మానాన్నలే ఇంగ్లిష్ మీడియం అడుగుతున్నారు, మనమెవరం కాదనడానికి?’ అన్నది ఇప్పుడు అందరూ మెచ్చే వాదన. అడుగుతున్నారు, నిజమే. అడగాలి కూడా. కాఫీ తోటలో పండ్లు కోసే తల్లికి తన కూతురు కలెక్టరు ఇంగ్లిష్ మాట్లాడాలని ఉండదా? అయితే ఇంటి భాషలో పునాది పడ్డ పిల్ల ఇంగ్లిష్ కూడా బాగా నేర్చుకుంటుందని ఆ తల్లికి ఎవరైనా చెప్పారా? ఇంగ్లిష్ వద్దనే పెద్దమనుషుల పిల్లలు ఏ బడిలో చదువుతున్నారో ఆమెకు తెలుసు కాబట్టి, మాతృభాష అనగానే ఇదేదో తన పిల్లని కొండమీదే ఉంచే ఎత్తు అనుకుంటుంది. ఆమెకు ఆ అనుమానం రావడంలో తప్పేమీ లేదు. మనమంత నమ్మకం సంపాదించుకున్నాం మరి.

ఆగస్టు 29న మాత్రం కొండల్లో పండగ. తెలుగు భాషా దినోత్సవం, గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి. ప్రతి బడిలో ఒక పిల్లాడికి పంచె కట్టి, తలపాగా చుట్టి, కర్ర చేతికిచ్చి ఫొటో అప్‌లోడ్ చెయ్యాలి. పిల్లాడు సవర అయినా, కోదు అయినా సరే ‘దేశ భాషలందు’ అని అనాల్సిందే. ఇంతకీ ఆ పంతులుగారు ఏం చేశాడు? పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ, సవర వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చాడు. సవర పిల్లలకు సవరలోనే చెప్పడానికి బళ్లు పెట్టాడు, వాచకాలు రాశాడు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లిష్ నిఘంటువు వెలువరించాడు. యాప్ లేదు, ఒప్పందం లేదు, శాటిలైట్ లేదు. పిల్లకి మాస్టారి భాష రాకపోతే మాస్టారే పిల్ల భాష నేర్చుకోవాలని ఆయన అనుకున్నాడు. ఇవాళ ఉండి ఉంటే ఫేస్ రికగ్నిషన్‌లో మొహం కుదరలేదని ఆయనకు గైర్హాజరు వేసేవాళ్లు.

కనుక, సంస్కరణలంటూ కొత్తవేమీ వద్దు. వచ్చే జూన్‌లో బళ్లు తెరిచిన రోజే, ఐదేళ్లు నిండిన ప్రతి కొండపిల్లకీ ఒక షోకాజ్ నోటీసు ఇస్తే చాలు. ‘మీరు కువి / కొండ / ఆదివాసీ ఒడియా (వర్తించని వాటిని కొట్టివేయుము) మాట్లాడుతూ ప్రభుత్వ పాఠశాలలో ప్రవేశించి, నిపుణ్ లక్ష్యాలకు భంగం కలిగించినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదో ఏడు పనిదినాల్లోగా తెలుపవలెను.’ సంజాయిషీ తెలుగులో గాని ఇంగ్లిష్‌లో గాని మూడు ప్రతుల్లో ఉండాలి, యాప్‌లో అప్‌లోడ్ కావాలి. కువిలో చెప్పుకునే సంజాయిషీలు మాత్రం స్వీకరించబడవు. వాటిని విని రాసి పెట్టాల్సిన వాలంటీరు రెన్యూవల్ ఫైలు పాడేరు నుంచి పైకి వెళ్లింది గాని, ఇంకా కిందికి రాలేదు.