పౌడరు పద్యం: ముఖదర్పణ వ్యాఖ్య

అవతారిక

కొలిచారం మల్లినాథ సూరి కాళిదాసు కావ్యాలు మూడింటికి ‘సంజీవని’ రాసి పుణ్యం కట్టుకున్నాడు. పౌడరు డబ్బా జోలికి మాత్రం ఏ వ్యాఖ్యాతా రాలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ ‘ముఖదర్పణం’.

సందర్భం ఇది. వైశాఖ మాసం, పెళ్ళివారిల్లు, కరెంటు లేదు. మనుషులు పదిమంది, అద్దం ఒకటి. మా చెల్లెలు ముఖం కడుక్కొచ్చి, తుడుచుకోకుండానే డబ్బా ఒంపుకుని అరచేత్తో చెంపలకు రుద్దేసింది. ముక్కు పక్కన పిండి కట్టింది. గడ్డం కింద చార తేలింది. పొద్దున మొటిమ గిల్లిన చోటు మునుపటికన్నా ఎర్రబడి కూర్చుంది. “ముఖమా, ముగ్గు పెట్టిన వాకిలా?” అంటూ మా పెద్దమ్మ తువ్వాలు అందుకుని మొదటికొచ్చింది. ఆవిడ చేసిన పని చూసి, అన్న మాట విని, నేను కట్టిన ఆటవెలది ఇది:

తడిని తుడిచి పిదప తట్టుము పౌడరు
రుద్దఁబోకు చెలియ, రూపు చెడును
ఎఱ్ఱమచ్చ మీఁద నింత పచ్చనఁ బూసి
మెడను మఱువకమ్మ, మేలు కలుగు.

ప్రతిపదార్థం

చెలియ = ఓ నేస్తమా (పెద్దమ్మ నిజానికి పిలిచింది “ఒసేయ్” అని; ఆ పిలుపు గణాలకు లొంగలేదు); తడిని = నీటినీ చెమటనూ; తుడిచి = మెత్తని గుడ్డతో అద్ది; పిదప = కాసేపు ఆగి; పౌడరు = పౌడరును (దీనికి అచ్చ తెలుగు మాట వెతికేలోపు ముహూర్తం దాటిపోతుంది); తట్టుము = నొక్కి నొక్కి అంటించు; రుద్దఁబోకు = రాపాడించవద్దు; రూపు = ముఖం తీరు; చెడును = పాడవును; ఎఱ్ఱమచ్చ మీఁదన్ = ఎర్రబడిన చోట మాత్రమే; ఇంత = ఆవగింజంత; పచ్చనన్ = పచ్చదనాన్ని; పూసి = అద్ది; మెడను = కంఠాన్ని; మఱువకమ్మ = మరిచిపోకు తల్లీ; మేలు = శుభం, అనగా చక్కటి ఫొటో; కలుగు = కలుగును.

తాత్పర్యం

ముఖం ఆరాక పౌడరును అద్దాలేగానీ రుద్దకూడదు. ఎరుపును పచ్చతో అణచాలి. ముఖంతోపాటు మెడకూ వాటా పెట్టాలి.

వ్యాఖ్య

‘తడిని తుడిచి’: పొడి పొడిగా ఉన్నంతసేపే పౌడరు. నీళ్ళు తగిలితే ముద్ద. వెనకటివాళ్ళు స్నో రాసుకుని, అది ఇంకాక పౌడరు వేసుకునేవారు. 1919లో బొంబాయిలో పుట్టిన అఫ్గాన్ స్నో కాలం నుంచీ ఉన్న వరస ఇదే. స్నో చర్మం మీద పలచని పొరగా నిలిచి పొడిని పట్టి ఉంచుతుంది. ఇప్పటి అమ్మాయిలు స్నో స్థానంలో మాయిశ్చరైజర్ పెట్టారు. పేరు మారింది, వరస మారలేదు. ‘పిదప’ అన్న మాటను పాదపూరణానికి వేశారని తొందరపడే వారుంటారు. అది సరికాదు. రాసిన క్రీము ఇంకడానికి పట్టే నాలుగైదు నిమిషాలు ఆ మూడు అక్షరాల్లో ఉన్నాయి.

‘తట్టుము’: ‘కొట్టుము’ అని పాఠాంతరం. “పౌడరు కొట్టుకున్నావా?” అనే లోకవ్యవహారం దానికి ఆధారం. కానీ మొదటి అక్షరం ‘త’ కాబట్టి అక్కడ ‘కొ’ను యతి ఒప్పుకోదు, చర్మమూ ఒప్పుకోదు. కొట్టేది గోడకు సున్నం. ముఖానికి తట్టాలి. పెద్దమ్మ పద్ధతి చెబుతాను. పఫ్‌ను డబ్బాలో ముంచింది. ఎడమ చేతి వెనకవైపు దాన్ని రెండుసార్లు దులిపింది. మిగిలిన కాస్త పొడిని నుదుటి మీద, ముక్కు మీద, గడ్డం మీద అద్దింది. ప్రతి అద్దుకూ ఒక క్షణం నొక్కి పట్టింది. చెంపలకు చివర్లో, పఫ్‌లో ఇంకేమీ లేదనిపించినప్పుడు తగిలించింది. అసలు కిటుకు ఆ దులపడంలో ఉంది.

‘రుద్దఁబోకు’: కారణం చెప్పకుండా నిషేధిస్తే పిల్లలు వినరు గనుక చెబుతున్నాం. టాల్కమ్ పౌడరుకు మూలం టాల్క్ అనే ఖనిజం. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ పట్టికలో దానిది 1, అంటే అట్టడుగు స్థానం. గోటితో గీకితే రాలుతుంది. అందులోని రేణువులు పలకల్లా ఉంటాయి, ఒకదానిమీద ఒకటి జారతాయి. నొక్కితే పరుచుకుంటాయి. రుద్దితే జారి, చెమట ఉన్నచోట పోగుపడతాయి. పైగా రుద్దిన చోటికి రక్తం పరుగెత్తుకొస్తుంది. ఎరుపు దాచబోయి ఎరుపును పిలిచినట్టవుతుంది.

ఇక్కడ ఒక విశేషం. మనం పలక మీద అఆలు దిద్దిన బలపం కూడా ఈ జాతి రాయే. బలపపు రాయిలో ముఖ్య ఖనిజం టాల్క్. ఐదో ఏట చేతిలో పట్టుకున్న రాయినే పదిహేనో ఏట ముఖానికి పూసుకుంటున్నాం. పలక మీద ఒత్తి రాస్తేనే అక్షరం కనబడేది. ముఖం మీద ఒత్తిడి కనబడిందో, అక్షరదోషమే.

‘ఎఱ్ఱమచ్చ’: ఇందులో బండి ‘ఱ’ ఒకటికి రెండు ఉండటం మచ్చ తీవ్రతకు సూచకం. చర్మం కింది సన్నని రక్తనాళాలు ఎండకో, వేడికో, మొటిమకో ఉబ్బినప్పుడు ఎరుపు కనిపిస్తుంది. నల్లని చర్మం మీద అదే ఎరుపు ముదురు గోధుమ రంగులోనో, ఊదాగానో తేలుతుంది కనుక చాలామంది దాన్ని నలుపనుకుని తెల్ల పౌడరు దట్టిస్తారు. అప్పుడు మచ్చ పోదు, చుట్టూ బూడిద చేరుతుంది.

‘పచ్చన’: పద్యానికి ప్రాణం ఈ మాట. తెలుగులో పచ్చ అంటే ఆకుపచ్చా కావచ్చు, పసుపుపచ్చా కావచ్చు. ఇక్కడ ఏది?

పూర్వపక్షం: ఆకుపచ్చే. రంగుల చక్రంలో ఎరుపుకు ఎదురుగా ఉండేది అదే. ఎదురెదురు రంగులు కలిస్తే ఒకదాని జోరు ఒకటి తగ్గిస్తుంది. కరెక్టర్ డబ్బాల్లో ఆకుపచ్చ గడి ఉండేది అందుకే.

సిద్ధాంతం: ఆ మాట నిజమే, కానీ అన్ని ముఖాలకూ కాదు. తెల్లని చర్మం మీద బాగా ఎర్రబడిన చోట ఆకుపచ్చ. చామనఛాయ మీద లేత ఎరుపుకు పసుపు ఛాయ ఉన్న కన్సీలరో, ఫౌండేషనో చాలు. ముదురు ఛాయ మీద ఆకుపచ్చ హెచ్చితే పాలిపోయినట్టు కనిపిస్తుంది. కనుక శ్లేషలో రెండర్థాలూ గ్రాహ్యాలే, ముఖాన్ని బట్టి. ‘ఇంత’ అంటే ఆవగింజంతే. ఉంగరం వేలితో, మచ్చ మీదనే, అంచులు కలిసిపోయేలా అద్ది, దానిపైన ఒంటి రంగు ఫౌండేషన్, ఆఖరున పౌడరు. ‘పూసి’ అన్నది మూడో పాదంలో ఉన్నా చేతలో పౌడరుకన్నా ముందు రావాలి. దూరాన్వయం పద్యంలో చెల్లుతుంది, అద్దం ముందు చెల్లదు.

‘మెడను’: ఉపలక్షణం. చెవులనూ గ్రహించాలి.

దోషవిచారం

రెండో పాదం చివర, మూడో పాదం మొదట సంధి చేయలేదని పండితులు విసంధి దోషం పట్టవచ్చు. ముఖానికీ మెడకూ సంధి కుదరనివాళ్ళు పెళ్ళిపందిట్లో సగంమంది ఉంటే, పద్యాన్ని మాత్రమే తప్పు పట్టడం న్యాయమా?

అలంకారం

మీలితం. ఒక వస్తువు తనలాంటి వస్తువులో కలిసిపోయి వేరుగా తెలియకపోతే అది మీలితమని అప్పయ్య దీక్షితులు కువలయానందంలో చెప్పారు. పుట్టుకతోనే ఎర్రనైన పాదాలకు పెట్టిన లత్తుక కనబడకపోవడం ఆయన చూపిన ఉదాహరణ. మంచి పౌడరు లక్షణం కూడా అదే: ఉందని తెలియకూడదు. తేడా ఏ కారణంగానో బయటపడితే ఉన్మీలితం. పెళ్ళిభోజనంలో ఆవకాయ ముద్ద నోట పెట్టగానే పై పెదవి మీద చెమట పట్టి చారలు తేలడం దీనికి ఉదాహరణ. అలాంటప్పుడు కాగితపు రుమాలుతో అద్దాలి. చెమట మీద మళ్ళీ పౌడరు వేస్తే ఏ ఆలంకారికుడూ రక్షించలేడు.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని అద్దం ముందు ఒకసారి చదివినవారికి పిండి కట్టదు. రెండుసార్లు చదివినవారి మెడ, ముఖం ఒకే మనిషివిగా కనిపిస్తాయి. మూడుసార్లు చదివినా ఎరుపు వారాల తరబడి తగ్గకపోతే, మండినా, పొట్టు రాలినా, పద్యం కట్టిపెట్టి చర్మవైద్యుల దగ్గరికి వెళ్ళండి. తెల్లబడతావని ఎవరో చెప్పారని స్టెరాయిడ్ క్రీము నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి ఎరుపు అక్కడే కాపురం పెడుతుంది. దాన్ని దించే పచ్చ ఏ డబ్బాలోనూ లేదు.