నిండుగా కనిపించిన డబ్బా

మా డీజిల్ కారు రెండు లక్షల కిలోమీటర్లు దాటిందని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ గొప్పగా చెప్పుకునేవాణ్ణి. బండిని బాగా చూసుకుంటున్నానని నా నమ్మకం. నిజానికి నేను చేసిందల్లా బానెట్ ఎత్తి, డబ్బాల్లో ఆయిలూ నీళ్లూ గీత దాకా ఉన్నాయో లేదో చూడటం. ఉంటే మూత పెట్టేయడం, తగ్గితే చేతికి దొరికింది పోయడం.

ఆ తెలివితక్కువతనం ఎంత ప్రమాదమో అనంతగిరి ఘాట్‌లో తెలిసింది. అరకు నుంచి విశాఖకి దిగుతున్నాం. వెనక సీట్లో అమ్మ, పిల్లలు. గేరు తగ్గించి ఇంజనుతో వేగం అదుపు చేసుకోవాల్సింది పోయి, దారి పొడుగునా బ్రేకు తొక్కుతూనే వచ్చాను. ఉన్నట్టుండి పెడల్ మెత్తబడింది. ఎంత తొక్కినా కిందికి పోతోందే తప్ప బండి ఆగడం లేదు. సెకండ్ గేరుకీ, తర్వాత ఫస్ట్‌కీ దించి, హ్యాండ్ బ్రేక్ లాగి, కొండవైపు అంచుకి చేర్చి ఎలాగో ఆపాను. చాలాసేపయ్యాక తొక్కి చూస్తే పెడల్ మామూలుగా గట్టిగానే ఉంది. నాకు అసలు వణుకు పుట్టింది అప్పుడే.

జరిగింది ఇదీ. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. అందులో 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155 డిగ్రీలే. ఘాట్ దిగుతుంటే డిస్కుల వేడి ఆయిల్‌కి చేరుతుంది, నీరు పట్టిన ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. నా కాలి బలమంతా చక్రాల దాకా పోకుండా ఆ బుడగల్ని నొక్కడానికే ఖర్చయిపోయింది. చల్లారాక ఆవిరి మళ్లీ ద్రవమైంది, అందుకే పెడల్ బాగుపడినట్టు కనిపించింది.

విశాఖ షెడ్డులో మేస్త్రి డబ్బాలో టెస్టర్ ముంచితే ఎర్ర లైటు వెలిగింది. ‘ఇదెప్పుడు మార్పించారు బాబూ?’ అని అడిగాడు. నేను ఒక్కసారీ మార్పించలేదు. డబ్బా నిండుగానే ఉంది కదా అన్నాను. ‘నిండుగా ఉంటే ఏం లాభమండీ, నీరు పట్టేసింది కదా’ అన్నాడాయన.

మిగతావీ చూడమన్నాను. రేడియేటర్‌లో బోరు నీళ్లతో సున్నం పేరుకుంది. పైగా పచ్చ కూలెంట్ మీద గులాబీ రంగుది కలిపాను. రంగు కంపెనీ కలిపే అద్దకమే, లోపలి మందు ఏ రకమో అది చెప్పదు. రకాలు కలిస్తే తుప్పు ఆపే గుణం దెబ్బతింటుంది. గేర్ బాక్సుకి జీఎల్-4 నూనె పోయాల్సిన చోట, పెద్ద నంబరు మేలైందనుకుని జీఎల్-5 పోయించాను. అందులోని మందులు, గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రోనైజర్లని తినేయగలవు.

ఇంజన్ ఆయిల్ విషయంలో ఇంకా మొండిగా ఉన్నాను. పాత ఇంజనుకి చిక్కటి నూనె మంచిదని నలుగురూ అనే మాట పట్టుకుని, 5డబ్ల్యూ-30 పోయాల్సిన ఇంజనులో 20డబ్ల్యూ-50 పోయించాను. పొద్దున్నే స్టార్ట్ చేయగానే గొలుసు చప్పుడు వచ్చేది. టైమింగ్ చైన్‌ని బిగపట్టే టెన్షనర్ నూనె ఒత్తిడితోనే పనిచేస్తుంది, చిక్కటి నూనె చల్లగా ఉన్నప్పుడు అక్కడికి ఆలస్యంగా చేరుతుంది. ఆ చప్పుడుని ముసలితనం అనుకున్నాను! నూనె తాగే ఇంజనుకి కాస్త చిక్కటిది వాడొచ్చు, కాదనను. కానీ ఏ గ్రేడు దాకా పోవచ్చో మాన్యువల్‌లో పట్టికే ఉంటుంది. ఆ పుస్తకం డాష్‌బోర్డు అరలో కవరు కూడా విప్పకుండా పడి ఉంది.

అన్నీ కడిగించి, మాన్యువల్ ప్రకారం మార్పించాను. అమ్మకి మాత్రం ఆ రోజు బ్రేకులు ఎందుకు పోయాయో ఇంతవరకూ చెప్పలేకపోయాను.

చాలా కంపెనీలు బ్రేక్ ఆయిల్‌ని, బండి తిరిగినా తిరగకపోయినా, రెండేళ్లకోసారి మార్చమంటాయి. మీ కారుకి చివరిసారి ఎప్పుడు మార్పించారో చెప్పలేకపోతే, తిరుమలకో శ్రీశైలానికో బయల్దేరకముందే షెడ్డుకి తీసుకెళ్లండి. మూత మీద ఏ డాట్ నంబరు రాసుంటే అదే పోయించండి. డాట్ 4 బండిలో డాట్ 5 పోయనివ్వకండి, అది సిలికాన్ రకం, దీంతో కలవదు.