వైజాగు దాకా తొక్కుతారట

సేవ కోసం సైకిలు యాత్ర అంటే ఇప్పుడు ముందుగా మోగేది ఇంటి కాలింగ్ బెల్లు. పార్సిలు కుర్రాడు వస్తాడు. జెర్సీ, మెత్త కుట్టిన నిక్కరు, వేళ్లు తెగిన గ్లౌజులు, హ్యాండిల్‌కి బిగించే చిన్న తెర, నీళ్లలో కలుపుకునే పొడులు, పిండుకు తినే జెల్ పొట్లాలు, ఒకటని కాదు. మా అపార్ట్‌మెంటు పిల్లలు కొందరు తలసీమియా జబ్బు పిల్లల వైద్యానికి విరాళాలు పోగుచేస్తూ హైదరాబాదు నుంచి విశాఖపట్నం దాకా నాలుగు రోజుల్లో తొక్కుతామంటున్నారు. దగ్గరదగ్గర 620 కిలోమీటర్లు. మంచి సంకల్పం, కాదనను. కానీ "తయారీ ఎందాకా వచ్చింది నాయనా?" అంటే "ఇంకో రెండు పార్సిళ్లు రావాలి అంకుల్" అంటారు. నా గొడవంతా ఆ జవాబుతోనే.

మా రోజుల్లో తయారీ బజారులో దొరికేది కాదు. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. వేల ప్రాణాలు పోయాయి. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి జనంలోకి వచ్చిన రోజులవి. నందిగామ పక్కనున్న మా ఊళ్లో కుర్రకారంతా సైకిళ్లు తీశాం. విజయవాడ, ఉయ్యూరు, చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డకు దారి. దారిలో ఊరు కనబడితే ఆగడం, రచ్చబండ దగ్గర బెల్లులు మోగించడం, ఇల్లిల్లూ తిరిగి బియ్యం, బట్టలు, గిన్నెలు అడగడం. ఎవరు ఏమిచ్చారో నోటుబుక్కులో రాసుకునేవాళ్లం. రాత్రయితే బడి వరండాలోనో, గుడి మండపంలోనో పడక.

బయల్దేరే ముందు రాత్రి సైకిలు షాపు సాయిబు గారు పెట్రోమాక్సు లైటు వెలిగించి అందరి సైకిళ్లూ తలకిందులుగా పెట్టించారు. ఆయన చెయ్యి వెయ్యలేదు. ఎవరి సైకిలు వాళ్లచేతే విప్పించారు. కప్పులు, కోన్లు, బాల్సు కిరసనాయిలులో కడిగి గ్రీజు పెట్టాలి. రిమ్ము తిప్పి చూసి బెండు తియ్యాలి. అరిగిన బ్రేకు రబ్బర్లు మార్చాలి. ట్యూబులో గాలి కొట్టి నీళ్ల బేసిన్‌లో ముంచి బుడగ ఎక్కడొస్తుందో పట్టుకోవాలి. చేతకానివాడిని మళ్లీ విప్పమనేవారు. చివరికి వాల్వు ట్యూబు ముక్కలు, సొల్యూషను, గరుకు కాగితం, పాత ట్యూబు ముక్కలు పొట్లం కట్టి తలొకటి ఇచ్చారు. పైసా తీసుకోలేదు. అవి ఇరవై కిలోల పైన బరువుండే ఇనప సైకిళ్లు. వెనక క్యారియర్ మీద అర బస్తా బియ్యం వేసుకుని కరకట్ట పక్కన బురదలో తొక్కినా మా జట్టులో ఒక్క సైకిలూ దారిలో మొండికెయ్యలేదు.

ఇప్పటి పిల్లల సైకిలు పది కిలోలుండదు, వేలితో లేపొచ్చు. దాని ఖరీదులో ఆనాడు మా ఊళ్లో ఎకరం పొలం వచ్చేది. మరి టైరు పంక్చరైతే? "వెనకాల వ్యాను వస్తుంది అంకుల్." ఆ వ్యాను టీ తాగడానికి ఆగి ఉంటే? విజయవాడ హైవే అంచున పేలిన లారీ టైర్ల నుంచి రాలిన సన్నటి ఉక్కు తీగలుంటాయి. కంటికి కనబడవు, టైరులో దిగుతాయి. కొత్త ట్యూబు ఎక్కించే ముందు టైరు లోపలంతా వేలితో మెల్లగా తడిమి ఆ తీగను లాగెయ్యాలి. లేకపోతే అరగంటలో కొత్త ట్యూబూ పోతుంది. ఈ ముక్క జట్టులో ఒక్కరికీ తెలియదు. ఇంట్లో కూర్చుని, కళ్లకు గుడ్డ కట్టుకున్నా ట్యూబు మార్చగలిగేంతగా నేర్చుకోమన్నాను. నేర్పమని నా దగ్గరికి ఇద్దరే వచ్చారు.

ఇక ఒళ్లు. పాల క్యాన్లతో, గడ్డి మోపులతో రోజూ తొక్కిన కాళ్లు మావి. వాళ్లవి వారమంతా కుర్చీలో ఉండే కాళ్లు. అది వాళ్ల తప్పు కాదు, వాళ్ల ఉద్యోగాలు అలాంటివి. అయితే సాధన చేసే తీరు మాత్రం తప్పే. ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిలు బాట తెరిచారు. చాలా మంచి బాట. ఆదివారం పొద్దున దాని మీద నాలుగు చుట్లు తిరిగి, ఫోటో పెట్టి, సిద్ధమైపోయాం అనుకుంటున్నారు. అక్కడ ఎండ పడదు, లారీ గాలి కొట్టదు. రోజుల తరబడి సాగే యాత్రలో అసలు పరీక్ష మొదటి రోజున ఉండదు. రెండో రోజు తెల్లవారుజామున, తొడలు పట్టేసి, కూర్చునే చోట చర్మం మండుతుంటే మళ్లీ సీటెక్కాలి, అదీ పరీక్ష. అందుకే శనివారం తొక్కి, నొప్పి తీరకముందే ఆదివారం మళ్లీ తొక్కాలి. మూడు నెలల ముందు నుంచి దూరం కొంచెం కొంచెం పెంచాలి, చివరి వారం తగ్గించాలి. సీటు ఎత్తు కూడా చూసుకోవాలి. పెడల్ కిందికి వచ్చినప్పుడు మడమ దాని మీద ఆనిస్తే కాలు నిటారుగా సాగాలి. ఇది సరిగా లేకుండా ఎంత ఖరీదు నిక్కరు వేసినా మోకాళ్లు నిలవవు.

దారి గురించి వీళ్లెవరూ ఒక్క పెద్దమనిషినీ అడగలేదు. తెరలో గీత కనిపిస్తుంది కదా అన్నారు. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది, విజయవాడ దాదాపు సముద్రమట్టానికే. మధ్యలో ఎత్తుపల్లాలున్నా మొదటి రెండు రోజులూ మొత్తం మీద దిగుడే. బండి పరిగెడుతుంది, మనకేదో బలం వచ్చిందనిపిస్తుంది. విజయవాడ దాటాక దారి ఈశాన్యానికి తిరుగుతుంది. వాళ్లు పెట్టుకున్న డిసెంబరులో గాలి వీచేది కూడా ఈశాన్యం నుంచే. ఏలూరు, తణుకు, రావులపాలెం అంతా చదునైన నేల, అడ్డం ఏమీ లేదు, గాలి ముఖం మీదే. అది కోతల కాలం కూడా. రోడ్ల అంచున ధాన్యం ఆరబోస్తారు, రాళ్లు అడ్డం పెడతారు. చీకట్లో బయల్దేరేవాడు ఇది తెలుసుకుని బయల్దేరాలి. మూడో రోజుకి దాచుకోవలసిన బలాన్ని సూర్యాపేట దిగుడులో తగలేస్తే రాజమండ్రి చేరేసరికి ఏమీ మిగలదు.

తిండి విషయంలో నా మాట ఒక్కటే. ఆకలేసే దాకా ఆగకూడదు, దాహమేసే దాకా ఆగకూడదు. వేరుశెనగ ఉండ, అరటిపండు, ఉప్పేసిన మజ్జిగ ప్రతి ఊళ్లో దొరుకుతాయి.

మా కాలం అన్నిటా మేలని నేననను. తలకు హెల్మెట్, వెనక ఎర్ర దీపం మాకు లేవు, ఉండాల్సింది. లీటరు నీళ్లలో ఓఆర్‌ఎస్ పొట్లం కలుపుకోవాలని మాకెవరూ చెప్పలేదు. గుండె పరీక్ష చేయించుకుని మరీ బయల్దేరుతున్నారు, సంతోషం. ఈ జట్టులో ఆడపిల్లలున్నారు. ట్యూబు మార్చడం నేర్చుకోవడానికి వచ్చిన ఇద్దరూ వాళ్లే. మా ఊళ్లో ఆనాడు ఆడపిల్ల సైకిలెక్కడమే ఎరగం.

నాకు నిజంగా బాధ కలిగించింది వేరే సంగతి. "తలసీమియా అంటే ఏమిటి నాయనా?" అని అడిగాను. "రక్తానికి సంబంధించిన జబ్బు అంకుల్" అన్నారు. అంతవరకే. ఫోన్‌లో లింకు పంపారు, చుట్టాలు, ఆఫీసు స్నేహితులు డబ్బు వేశారు, ఎవరూ ఏమీ అడగలేదు, వీళ్లకు తెలుసుకోవాల్సిన పనీ పడలేదు. మేము గుమ్మం ముందు నిలబడితే ముసలమ్మ అడిగేది, ఏ ఊరు మునిగింది, ఎంతమంది పోయారు, పిల్లలు ఎక్కడున్నారు అని. జవాబు చెప్పగలిగితేనే చేట నిండేది.

తలసీమియా తీవ్రంగా ఉన్న బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి, బతికినంత కాలం. అలా ఎక్కించిన రక్తంలోని ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. దాన్ని బయటికి పంపడానికి మందులు వాడుతూనే ఉండాలి. విరాళం డబ్బు వెళ్లేది వీటికే. తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ లక్షణం మోస్తూ ఉంటే, వాళ్లకు ఏ జబ్బూ కనబడకపోయినా, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. పెళ్లికి ముందో, కడుపు పండిన తొలి నెలల్లోనో ఒక రక్తపరీక్ష చేయించుకుంటే తెలిసిపోతుంది. ఈ నాలుగు ముక్కలు దారి పొడుగునా చెప్పుకుంటూ పోతే పోగయ్యే డబ్బు కంటే ఎక్కువ మేలు జరుగుతుంది. రోజుకి నూట యాభై కిలోమీటర్లకు పైనే పెట్టుకుంటే చెప్పడానికి ఆగే తీరికేదీ?

అందుకని వాళ్లకు నేను చెప్పింది ఇది. బయల్దేరే ముందు ఒక పూట రక్తం ఎక్కించే వార్డులో కూర్చుని రండి, ఆ తల్లులతో మాట్లాడండి. మీరు రక్తం ఇవ్వాలనుకుంటే యాత్ర అయ్యాక ఇవ్వండి, ముందు ఇస్తే దారిలో నీరసిస్తారు. నాలుగు రోజులు కాదు, ఆరు రోజులు పెట్టుకోండి. సూర్యాపేట, నందిగామ, ఏలూరు, రాజమండ్రి, తుని, విశాఖ. మొదటి రోజు తప్ప రోజుకి కాస్త అటూ ఇటుగా వంద కిలోమీటర్లే, మధ్యాహ్నానికి చేరిపోతారు, సాయంత్రమంతా మీదే. ఊరికొక కాలేజీ చూసుకుని పిల్లలను కూర్చోబెట్టి మాట్లాడండి. నందిగామలో ఆ ఏర్పాటు, రాత్రి మీ అందరి భోజనం, పడక నేను చూసుకుంటాను. తారీఖు ఖాయం చేసి చెప్పండి.