అరిగిపోయిన అక్షరాలు

నన్ను 2012లో విజయవాడ సత్యనారాయణపురంలోని ఈ ఇంటికి తెచ్చినప్పుడు అట్టపెట్టె మీద ఓ బొమ్మ ఉండేది. మడత నలగని చీర, జడలో పూలు, నా మూత మీద చెయ్యి వేసి నవ్వుతున్న ఓ ఇల్లాలు. బిల్లు అయ్యగారి పేరున రాశారు. నన్నెలా తిప్పాలో చెప్పాల్సి వచ్చేసరికి దుకాణం కుర్రాడు వంటింటివైపు తిరిగి, "అమ్మా, ఒకసారి ఇలా రండి" అని కేకేశాడు. ఆ కేకతో నా బతుకు ఖాయమైపోయింది.

నేను సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషీన్ని. ఒక తొట్టి ఉతకడానికి, ఒకటి పిండడానికి. కుళాయి వచ్చే వేళకే అమ్మగారు లేచి, కాలర్లకు సబ్బు రుద్ది, నా కడుపు నింపి, నాబ్ పదిహేను నిమిషాలకు తిప్పి పొయ్యి దగ్గరికి పరిగెడతారు. నేను కూత పెట్టగానే చేతులు తుడుచుకుంటూ వస్తారు. తడిబట్టలు పక్క తొట్లోకి సమంగా సర్దాలి. లేకపోతే దడదడలాడుతూ గోడదాకా నడిచేస్తాను. ఆ తర్వాత దండెం. అయ్యగారి బనీన్లు దర్జాగా ఎండలో ఊగుతాయి. అమ్మగారి లోబట్టలు తువ్వాలు చాటున నక్కి ఆరతాయి.

నా చోటు వెనక వరండా. తలుపు తీసుంటే హాల్లో టీవీ కనబడుతుంది. మా జాతివాళ్లను అందులోనే చూశాను. అక్కడి ఇళ్లు వేరు. కొడుకు ఒళ్లంతా బురద పూసుకొస్తే తల్లి మురిసిపోతుంది. ఇక్కడ మా బాబు అలాగే వస్తే అమ్మగారు నెత్తిన చెయ్యి పెట్టుకుంటారు. ఇంకో ప్రకటనలో తెల్లకోటు వేసుకున్న మగమనిషి చొక్కా ఎందుకు తెల్లబడిందో వివరిస్తాడు. ఉతికినావిడ తలూపుతుంది. నేనొచ్చిన రెండేళ్లకు ఓ ఆదివారం అయ్యగారు నా పుస్తకం దుమ్ము దులిపి, నన్నెలా వాడాలో అమ్మగారికి చదివి వినిపించారు. ఆవిడా తలే ఊపారు.

సెలవుల్లో పిల్లలు యాడ్ ఆట ఆడేవారు. బాబు తెల్ల తువ్వాలు కప్పుకుని నిపుణుడయ్యేవాడు. పాప బకెట్లో బొమ్మ గౌన్లు ఉతికేది. వేషాలు ఎవరూ పంచలేదు. రోజూ చూసేదాన్ని మళ్లీ కూర్చోబెట్టి నేర్పక్కర్లేదు.

"మా దూరదర్శన్ రోజుల్లో సర్ఫ్ ప్రకటనలో లలితాజీ ఉండేది, గడుసు మనిషి. ఊరికే ఏదీ కొనేది కాదు" అని మామ్మగారు మెచ్చుకునేవారు. ఆ వేషం వేసిన కవితా చౌదరే 1989లో 'ఉడాన్' సీరియల్ రాసి, దర్శకత్వం వహించి, అందులో పోలీసు అధికారిగా నటించిందట. మనిషి ఒకరే. సబ్బుపొడి పొట్లం ఇంకెవరో ఆమె చేతికిచ్చారు. పోలీసు టోపీ మాత్రం ఆమె తనకు తానే రాసుకుంది.

2015 నుంచి ఏరియల్ సబ్బుపొడి ప్రకటనలు దారి మార్చాయి. ఉతుకుడు ఆడవాళ్ల పనేనా అని అడిగాయి. మరుసటేడు వచ్చిన దాంట్లో, ఆఫీసు నుంచి వచ్చి ఇంటిపనంతా ఒంటిచేత్తో చేసుకుంటున్న కూతుర్ని చూసి ఓ ముసలి తండ్రి తన తప్పు తెలుసుకుంటాడు. అది చూసి అయ్యగారు కళ్లు ఒత్తుకున్నారు. ఒత్తుకున్న రుమాలు తెచ్చి నా పక్కన నేలమీద పడేసి వెళ్లారు.

పాప కాలేజీకొచ్చాక వక్తృత్వ పోటీకి నా దగ్గరే సాధన చేసింది. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు పెడితే మగవాళ్లు 97 నిమిషాలు. నా నాబ్ లెక్కలో ఆడవాళ్లవి ఇరవై తిప్పులు, మగవాళ్లవి ఆరున్నర. అదీ ఆ పనుల్లో చెయ్యి పెట్టినవాళ్ల సగటు. మా అయ్యగారు ఆ లెక్కలోకే రారు.

టీవీని మాత్రం పాప పూర్తిగా తిట్టలేదు. మన దేశంలో కేబుల్ వచ్చిన పల్లెల్లో, భర్త కొడితే తప్పులేదనే ఆడవాళ్లూ కొడుకే కావాలనేవాళ్లూ తగ్గారని రాబర్ట్ జెన్సెన్, ఎమిలీ ఆస్టర్ అనే ఆర్థికవేత్తలు 2009లో రాశారట. తనలాంటి ఆడది ఇంకోలా బతకడం కళ్లబడితే, అలా బతకొచ్చన్న ఊహ పుడుతుంది. "అందుకే ఏం చూపిస్తున్నారన్నది చిన్న విషయం కాదు" అని పాప నా మూత మీద గుద్ది మరీ చెప్పింది.

పాప పోటీకి సాధన చేసిన ఆ ఏడే అమ్మగారు పుట్టింట్లో పెళ్లికని వారం వెళ్లారు. నాలుగోరోజుకు బట్టల గుట్ట పెరిగింది. అయ్యగారు వచ్చి నా ముందు నిలబడ్డారు. కళ్లజోడు సవరించుకుని వంగి చూశారు. నాబ్‌ల కింద ఒక్క అక్షరం లేదు. ఇన్నేళ్లూ తడి వేళ్లతో తిప్పీ తిప్పీ అమ్మగారు అరగదీసేశారు. ఆవిడకు చదవాల్సిన అవసరం ఏనాడూ రాలేదు. ఆయన ఫోన్ చేశారు. "ఏమోయ్, ఇందులో ఏది ఏమిటి?"

సాయంత్రం పాప మార్కర్ తెచ్చి నా మీద పెద్ద అక్షరాలతో రాసింది: ఉతుకు, పిండు, నీళ్లు వదులు. "ఇక ఎవరైనా తిప్పొచ్చు" అంది బాబువైపు చూస్తూ. బాబు తిప్పాడు. తెల్లబట్టల్లో తన ఎర్ర టీషర్టు కలిపి మరీ తిప్పాడు. అయ్యగారి బనీన్లన్నీ గులాబీరంగుకొచ్చాయి.

"మగాణ్ని, ఈ రంగెలా వేసుకోనురా!" అని ఆయన వాపోతుండగా అమ్మగారు పెట్టెతో దిగారు. దండెంవైపు చూశారు. మరక చూసి ఈ ఇంట్లో ఓ తల్లి ప్రకటనలోలా నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

ఆ బనీన్లు ఇప్పటికీ దర్జాగా ఊగుతున్నాయి. ఈపూట ఆరేసింది అయ్యగారే.