జీఎం గారూ, తమరెవరు?

పెద్దవాళ్ళని మొహం మీదే "మీరెవరు?" అని అడగడం మనలో మర్యాద కాదు. పక్కనున్నవాడు అందుకుని "వారు తెలీదుటండీ, ఫలానావారి తమ్ముడుగారు" అని చెప్పాలి. ఈ సంగతి మైక్రోసాఫ్ట్ వాళ్ళకి ఎవరూ చెప్పినట్టు లేదు. 2004 జనవరిలో వాళ్ళు వదిలిన రిపోర్టింగ్ సర్వీసెస్ అనే రిపోర్టుల సాఫ్ట్‌వేర్, వచ్చిన ప్రతివాణ్ణీ ఆ ప్రశ్నే వేస్తుంది. జవాబు చెబితే ఊరుకుంటుందా అంటే అదీ లేదు. డేటాబేస్ దగ్గర మళ్ళీ మొదలు.

హైదరాబాద్‌లో ఒక మందుల పంపిణీ కంపెనీలో డేటాబేసులు చూసుకోవడం నా ఉద్యోగం. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా నన్నే పిలుస్తారు, అది వేరే సంగతి. రిపోర్ట్ సర్వర్ కొత్తగా పెట్టగానే మా జనరల్ మేనేజర్ గారు అమ్మకాల రిపోర్టు చూస్తానన్నారు. పోర్టల్‌లో ఆయనకి బ్రౌజర్ రోల్ ఇచ్చాను. ఇక్కడ బ్రౌజర్ అంటే క్రోమ్ కాదు, రిపోర్టు చూడొచ్చు గానీ చెయ్యి పెట్టకూడదు అనే హక్కు. ఆ జాబితాలోనే కంటెంట్ మేనేజర్ అనేది ఆయన కంట పడింది.

"నేను జనరల్ మేనేజర్నయ్యా. ఎవరో కంటెంట్ మేనేజర్ కంటే తక్కువా?"

"దాంతో రిపోర్టులు చెరిపెయ్యొచ్చు సార్."

"చెరపను. కానీ చెరపగలగాలి."

ఇంత సూటిగా అధికారాన్ని నిర్వచించినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. పై ఫోల్డర్‌లో ఇచ్చిన అనుమతులు కింది ఫోల్డర్లకి వారసత్వంగా వస్తాయండీ అని చెప్పి, బ్రౌజర్‌తోనే ఒప్పించాను. వారసత్వం అనేసరికి ఆయన మెత్తబడ్డారు. కంపెనీ వాళ్ళ మావగారిది.

రిపోర్టు తెరిచారు. అంకెలు రావలసిన చోట ఒక వాక్యం వచ్చింది: లాగిన్ ఫెయిల్డ్ ఫర్ యూజర్, ఎన్‌టీ అథారిటీ, అనానిమస్ లాగాన్. పదిమందిలో తిరిగే మనిషిని పట్టుకుని పేరూ ఊరూ లేనివాడంటుందా అని ఆయన కుర్చీలోంచి లేచారు.

నిజానికి సర్వర్ ఆయన్ని అవమానించలేదు. ఆయన కంప్యూటర్ నుంచి రిపోర్ట్ సర్వర్ దాకా ఆయన ఆయనగానే వచ్చారు. అక్కణ్ణించి వేరే మెషీన్లో ఉన్న డేటాబేస్‌కి రిపోర్ట్ సర్వర్ ఆయన తరఫున వెళ్ళాలి. పాత ఎన్‌టీఎల్‌ఎం పద్ధతిలో ఆ రెండో అడుగు పడదు. మొదటి మెషీన్ గుర్తుపట్టిన మనిషిని రెండోదానికి అప్పగించలేదు. మగపెళ్ళివారి తాలూకు అని గేటు దాటినవాణ్ణి బంతి దగ్గర ఆడపెళ్ళివారు గుర్తుపట్టనట్టే. మేం దీన్ని డబుల్ హాప్ అంటాం. మందు కెర్బరోస్. 1980లలో ఎంఐటీలో ప్రాజెక్ట్ ఎథీనా కోసం పుట్టిన పద్ధతి ఇది. పేరు మాత్రం గ్రీకు పురాణాల్లో పాతాళపు గుమ్మం కాసే మూడు తలల కుక్కది. రిపోర్ట్ సర్వర్ నడిచే సర్వీస్ అకౌంట్ పేరు మీద ఎస్‌పీఎన్, అంటే సర్వీస్ ప్రిన్సిపల్ నేమ్, నమోదు చేయించాలి, డెలిగేషన్‌కి, అంటే ఇంకొకరి తరఫున వెళ్ళడానికి, అనుమతి ఇప్పించాలి. ఒకే ఎస్‌పీఎన్ పొరపాటున రెండు అకౌంట్ల మీద పడిందా, మూడు తలలూ మూడు దిక్కులు చూస్తాయి.

ఇవన్నీ చెయ్యాల్సింది నెట్‌వర్క్ వాళ్ళు. వాళ్ళు ఫారం మీద జీఎం గారి సంతకం కావాలన్నారు. తాను తానేనని కంప్యూటర్‌కి తెలియడానికి, తానే అనుమతిస్తూ ఆయన సంతకం పెట్టారు.

ఈ మధ్యలో సాఫ్ట్‌వేర్ అమ్మినాయన ఫోన్ చేశాడు. "ఈ గోలంతా ఎందుకు సార్, డేటా సోర్స్‌లో ఎస్‌ఏ పెట్టేయండి, అందరికీ అన్నీ వస్తాయి." ముమ్మాటికీ నిజం. ఎస్‌ఏ అంటే సర్వాధికారి. అమ్మకాలతో పాటు జీతాలూ వస్తాయి, తలుచుకుంటే డేటాబేసే పోతుంది. పోనీ డీబీ డేటా రీడర్ ఇద్దామంటే అది కూడా ప్రతి టేబులూ చదివేస్తుంది. అందుకని రిపోర్టులకంటూ విడిగా ఒక స్కీమా, అందులో వ్యూలు, వాటి మీద మాత్రం సెలెక్ట్. అకౌంట్స్ మేడమ్‌కి ఎదురుసీటాయన ఇంక్రిమెంట్ తెలియకపోవడం వల్ల ఆఫీసులో ఎంత శాంతి ఉందో జనానికి తెలీదు.

సబ్‌స్క్రిప్షన్ల కథ ఇంకా విచిత్రం. తెల్లారుజామున మెయిల్‌లో వెళ్ళే రిపోర్టుకి చూసేవాడంటూ ఎవడూ ఉండడు గనక, సర్వర్‌లో ఎవరిదో ఒక లాగిన్ దాచిపెట్టాలి. నాకు ముందున్నాయన తన సొంత విండోస్ పాస్‌వర్డే పెట్టాడు. ఆయన ఉద్యోగం మానేశాడు, కేకు కోశారు, శాలువా కప్పారు, హెచ్‌ఆర్ వాళ్ళు పద్ధతిగా అకౌంట్ మూసేశారు. సోమవారం ఎవరికీ ఏ రిపోర్టూ రాలేదు. "అసలాయన ఏం చేస్తాడయ్యా?" అని ఏళ్ళ తరబడి అడిగినవాళ్ళకి జవాబు ఆ పొద్దున దొరికింది.

అప్పటినుంచీ రిపోర్టులకి మనిషి కాని మనిషి ఒకణ్ణి పెట్టాను. సర్వీస్ అకౌంట్. వాడు రాజీనామా చెయ్యడు, సెలవు అడగడు. దాచిన పాస్‌వర్డులన్నిటికీ ఒక ఎన్‌క్రిప్షన్ కీ తాళం వేసి ఉంటుంది. ఆ కీకి బ్యాకప్ తీస్తే ఆ బ్యాకప్‌కీ ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది. దాన్నెక్కడ దాచాలన్నది మా ఆఫీసులో ఇంకా చర్చలోనే ఉంది.

మొన్న ఆడిటర్ గారొచ్చారు. ఎవరికి దేని మీద హక్కుందో జాబితా కావాలన్నారు. అది కూడా రిపోర్ట్ సర్వర్‌లోనే ఒక రిపోర్టు. లింకు పంపాను. తమరి హక్కులు ఈ పనికి చాలవని సర్వర్ చెప్పింది.

"నాకు పర్మిషన్ ఇవ్వండి" అన్నారాయన.

"తప్పకుండా అండీ. ఫారం నింపి, మీ పైవాళ్ళ సంతకంతో ఇప్పించండి."

"ఫారం ఏమిటి? ఇలాంటి ఫారం ఎవరు పెట్టమన్నారు మిమ్మల్ని?"

పోయినేడాది ఆయనిచ్చిన ఆడిట్ నివేదికలో నాలుగో పేజీ తీసి చూపించాను.