ముట్టుకుంటే ఆడాల్సిందే: టీకా తాత్పర్యం

మూలం: ముట్టుకున్న పావును కదపాల్సిందే.

టీక: ముట్టుకున్న అనగా తన వంతు వచ్చినప్పుడు, ఆడే ఉద్దేశంతో చేత తాకిన అని అన్వయం. చొక్కా చెయ్యి తగిలి బంటు పడితే దోషం లేదు. "సర్దుతున్నాను" అని ముందే చెప్పి తాకినా లేదు. తాకాక చెబితే అది సాకు. కదపాల్సిందే అన్నది నియమం ఒప్పే ఎత్తు ఉన్నప్పుడే. కదలలేని పావును ముట్టినవాడు బతికిపోయాడు. కోట కట్టబోయి రాజుకంటే ముందు ఏనుగును ముట్టుకున్నవాడికి మాత్రం ఆ పక్క కోట దక్కదు. ఇంత కాఠిన్యం ఏల అనగా, చదరంగంలోని రసం ఇక్కడే పుడుతుంది గనుక. పాచికలు వేసి నలుగురు ఆడే చదరంగాన్ని 11వ శతాబ్దంలో అల్‌బిరూనీ మన దేశపు ఆటగా వర్ణించాడు. అందులో ఓటమిని పాచికల మీదకు నెట్టొచ్చు. ఇద్దరాడే ఆటలో పాచిక లేదు, కాబట్టి అదృష్టాన్ని తిట్టుకునే వీల్లేదు. ఈ సూత్రంతో "అది కాదు, ఇది ఆడతా" అనే దారీ మూసుకుపోయింది. ఇక ఓడినవాడు ఎవరిమీద నెపం వేస్తాడు?

లెక్కల ఆటలో ఉద్వేగమేమిటని పూర్వపక్షం. 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో, ప్రపంచ కిరీటం కోసం జరిగిన 14వ ఆటలో అప్పటి ప్రపంచ విజేత డింగ్ లిరెన్ 55వ ఎత్తుగా ఏనుగును జరిపాడు. తప్పు తెలిసేసరికి చెయ్యి దాటిపోయింది. చెన్నై తెలుగింటి పిల్లవాడు గుకేశ్, 18 ఏళ్లవాడు, గెలిచి బల్ల దగ్గరే ఏడ్చాడు. ఎత్తు వెనక్కి తీసుకునే వీలుంటే ఆ ఏడుపుకు చోటెక్కడ? చెయ్యి వదిలితే ఎత్తు ఖాయమనే దీని జంట నియమాన్ని మహామహులే పాటించలేదని మరొక ఆక్షేపం. నిజమే. 1994లో లినారెస్‌లో కాస్పరోవ్ గుర్రాన్ని ఒక గడిలో వదిలి, మళ్లీ పట్టుకుని వేరే గడిలో పెట్టాడు; సెకనులో నాలుగో వంతు సేపు చెయ్యి వదిలినట్టు వీడియోలో తేలింది. ఎదుట కూర్చున్న 17 ఏళ్ల జూడిత్ పోల్గార్ అభ్యంతరం చెప్పలేదు, ఓడింది. కాస్పరోవ్ గెలుపులు వందలున్నా, ఈ ఒక్క ఆట చెప్పగానే జనం గుర్రాన్నే తలుస్తారు. సూత్రం తప్పినవాడికీ దాని శిక్ష తప్పలేదు.

చెయ్యే తగలని చోట సూత్రం ఎలా వర్తిస్తుందని చివరి శంక. 1828-29లో మద్రాసు, హైదరాబాదు ఉత్తరాల మీద ఆడాయి. మద్రాసు పక్షాన గులాం కాసిం ఉన్నాడు. అక్కడ ఉత్తరం టపాలో వేయడమే ముట్టుకోవడం. జవాబు వచ్చేదాకా రోజుల తరబడి నాలుక కరుచుకోవడం అదనపు ఫలం.

తాత్పర్యం: సింగపూర్ బల్ల మీదైనా, తమిళనాడు ధర్మపురి జిల్లాలోని ఏ. పళ్లిపట్టి పల్లె అరుగు మీదైనా సూత్రం ఒకటే. ఆట నేర్చుకునే పిల్లలకు మొదటి వారం ఎత్తు వెనక్కి ఇవ్వొచ్చు. మేనమామలకు ఇవ్వకండి.